ఆడుకుందాం దాప్పా!

వజ్రకరూరు అనగానే అందరికీ వజ్రాలే గుర్తొస్తాయి. ఆ ఎర్రనేల మీద పైసా ఖర్చులేకుండా చూడదగ్గ ముచ్చట ఇంకొకటుంది. ఆ మాటకొస్తే అది మన వీధిలోనూ రోజూ జరిగేదే. కాస్త ఆగి చూసే తీరికుండాలి, అంతే!

తొలకరి పడిందంటే చాలు... వజ్రకరూరు చేలల్లో మనుషులు వంగిపోతారు. నాట్లు వేయడానికి కాదు, కలుపు తీయడానికీ కాదు. వజ్రాల కోసం! తలకు తువ్వాలు చుట్టుకుని, ముఖం నేలకు ఆనుతుందేమో అన్నంతగా వంగి, తడిసిన మట్టిలో మెరిసిన ప్రతి రాయినీ వేళ్లతో తిప్పి చూస్తుంటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాదు, పక్క జిల్లాల నుంచీ కర్ణాటక నుంచీ కూడా సద్దిమూట కట్టుకుని కుటుంబాలతో సహా వచ్చేస్తారు. చెట్ల కిందా గుళ్ల దగ్గరా మకాం. దొరికితే దశ తిరుగుతుంది. దొరక్కపోతే మళ్లీ వానకు చూద్దామనుకుంటారు.

ఆ చేలగట్ల మీదే ఇంకొకరు కూడా వంగుతుంటారు. ముందుకాళ్లు బారజాపి, మోచేతులు మట్టికి ఆనించి, వెనక భాగం పైకెత్తి, తోకను జెండాలా ఊపుతూ... ఊరకుక్క! దానికి వజ్రాలతో పనిలేదు. ఎదురుగా ఉన్న మరో కుక్కను పిలుస్తోందది. అనంతపురం మాటలో చెప్పాలంటే 'ఆడుకుందాం దాప్పా' అంటోంది.

ఆ పిలుపు వెనక ఎంత కథ ఉందో తెలుసా?

రాళ్లు చెప్పే కథ

ముందు ఊరి సంగతి. గుంతకల్లు జంక్షన్‌లో రైలు దిగి దక్షిణం వైపు వెళ్తే వజ్రకరూరు వస్తుంది. ఇటు ఉరవకొండ నుంచీ దగ్గరే. దారి పొడవునా ఎర్రనేలలు, మధ్యమధ్యలో నల్లరేగడి, అక్కడక్కడా గుండ్రటి బండరాళ్ల గుట్టలు. కనుచూపు మేరలో పెద్ద చెట్టు కనిపిస్తే గొప్పే. పశ్చిమ కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి మేఘాల్లో తడి సగం ఆరిపోతుంది. అందుకే అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువ. అది కూడా రావలసినప్పుడు రాదు. ముంగారు వాన నమ్ముకుని బుడ్డలు విత్తడం, ఆ తర్వాత ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం ఇక్కడి రైతుకు తరతరాలుగా అలవాటైన పని. బుడ్డలంటే వేరుశనగ కాయలు లెండి.

పైన ఇంత కరవున్నా కింద మాత్రం కుబేరుడి కొట్టు. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపల నూటయాభై కిలోమీటర్లకు పైగా లోతు నుంచి ఒకరకం శిలాద్రవం గొట్టాల్లాంటి దారుల్లో పైకి తన్నుకొచ్చింది. వస్తూవస్తూ వజ్రాలను మోసుకొచ్చింది. ఆ రాతిని కింబర్లైట్ అంటారు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్నం పేరు మీద వచ్చిన మాట అది. అలాంటి గొట్టాలను వజ్రకరూరు చుట్టుపక్కల జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు చాలానే గుర్తించారు. కాలం గడిచేకొద్దీ పైరాయి అరిగి మట్టయింది. గట్టి వానకు ఆ మట్టి కొట్టుకుపోతే లోపలి రాళ్లు బయటపడతాయి. తొలకరికీ వజ్రానికీ ఉన్న లంకె అదే.

వజ్రాల కోసం వచ్చినవాళ్లు మకాం వేసిన చోట మూడు రాళ్ల పొయ్యి వెలుగుతుంది. పొయ్యి వెలిగితే అన్నం మెతుకులుంటాయి. మెతుకులున్న చోటికి కుక్కలొస్తాయి. పొద్దున్నే హోటళ్ల ముందు ఉగ్గాని పొట్లాల చుట్టూ, సాయంత్రం చెట్ల కింద మకాముల చుట్టూ వాటి కాపురం. ఎండ నడినెత్తికెక్కితే ఏ బండి కిందో పడక. నీడలు సాగాక, కడుపులో కాస్త పడ్డాక మొదలవుతుంది ఆట!

వంగడంలో ఉంది వివరం

పొద్దున నిద్రలేచి ఒళ్లు విరుచుకునేటప్పుడు కూడా కుక్క ఇలాగే వంగుతుంది. మన పెద్దలు దాన్ని చూసే కాబోలు యోగాసనానికి 'అధోముఖ శ్వానాసనం' అని పేరు పెట్టారు. కానీ ఒళ్లు విరుపు తనకోసం. ఆటకోసం వంగేది ఎదుటివాళ్లకోసం. కళ్లు ఎదుటి కుక్క మీదే ఉంటాయి. నోరు వదులుగా తెరిచి ఉంటుంది. ఒక్క క్షణం అలా ఆగి, చటుక్కున పక్కకు గెంతి పరుగు తీస్తుంది. 'పట్టుకో చూద్దాం' అన్నట్టు!

శాస్త్రవేత్తలు దీన్ని 'ప్లే బౌ' అంటారు. మనం ఆటపిలుపు అనుకుందాం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బెకాఫ్ దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. కుక్కపిల్లలు, తోడేలుపిల్లలు, కొయొటీ అనే అడవిజాతి పిల్లలు ఆడుకుంటుంటే చిత్రీకరించి, ఆ దృశ్యాలను నెమ్మదిగా తిప్పి తిప్పి చూశారు. 1995లో ఆయన ప్రచురించిన పరిశోధనలో ఒక చక్కని సంగతి బయటపడింది. ఆటపిలుపు ఆట మొదట్లోనే కాదు, మధ్యలోనూ వస్తుంది. ముఖ్యంగా కాస్త గట్టిగా కొరికి తల విదిలించే ముందో, ఆ వెంటనే తర్వాతో వస్తుంది.

ఎందుకు? ఆలోచిస్తే సులువే. కుక్కలాటలో ఉండేవన్నీ కొట్లాట పనులే. కరవడం, మీద పడటం, మెడ పట్టడం, తరమడం... వేటలోనూ యుద్ధంలోనూ చేసేవే ఇక్కడా చేస్తాయి. ఎదుటి కుక్క అపార్థం చేసుకుంటే ఆట కాస్తా పోట్లాటవుతుంది. అందుకే మధ్యమధ్యలో ఓసారి వంగి 'ఇదంతా ఉత్తుత్తిదే సుమా' అని గుర్తుచేయాలి. మనం రాసే వాక్యంలో కామాలు, ఫుల్‌స్టాపులు ఎలాంటివో ఆటలో ఈ పిలుపు అలాంటిదని బెకాఫ్ పోల్చారు.

2016లో మరో బృందం పెంపుడు కుక్కల జంటలను గమనించి ఇంకో ముడి విప్పింది. ఆడి ఆడి రెండూ కాసేపు ఆగినప్పుడు, ఆటను తిరిగి అందుకోవడానికి వంగడం ఎక్కువట. అలసిపోయి కూర్చున్న నేస్తాన్ని 'ఇంకో ఆట' అని లేపుతాం చూడండి, అలాగన్నమాట.

చూడకపోతే చూపిస్తుంది

సరే, పిలిచింది. అవతలి కుక్క అటు తిరిగి ఉంటే? పిలుపు గాలికి పోయినట్టే కదా! అలా పోనివ్వదు మన గడుగ్గాయి. శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హొరొవిట్జ్ 2009లో చెప్పింది ఇదే. అవతలి కుక్క తనవైపు చూస్తుంటేనే ఇది వంగుతుంది. చూడకపోతే ముందు దాని దృష్టి తిప్పే పని చేస్తుంది. దగ్గరికెళ్లి మూతితో పొడుస్తుంది, చిన్నగా కొరుకుతుంది, ఒక మొరుగు మొరుగుతుంది. అది తల తిప్పాకే వంగుతుంది. అంటే 'నన్ను చూస్తోందా, లేదా' అనే ఎరుక దానికుందన్నమాట. ఫోన్‌లో మునిగిన మనిషికి మాట చెప్పే ముందు భుజం తట్టాలని మనలో ఎంతమందికి తెలుసు?

మరి మనిషి పిలిస్తే కుక్క అందుకుంటుందా? ఇంగ్లండ్‌లో 2001లో దీన్నీ పరీక్షించారు. యజమానులు కుక్కలాగే ముందుకు వంగినా, ఆట కోసం మీదికి దూకినట్టు నటించినా పెంపుడు కుక్కలకు అర్థమైంది. ఆటకు వచ్చేశాయి. దానికి ఉత్సాహపరిచే మాట కూడా తోడైతే మరీనూ. మనిషికీ కుక్కకూ కనీసం పద్నాలుగు వేల ఏళ్ల స్నేహం మరి!

బలవంతుడు ఓడిపోతాడు

వజ్రకరూరు వీధిలో ఓ సాయంత్రం కనిపించిన దృశ్యం. చెవి చిరిగిన బలమైన గోధుమరంగు కుక్క. దాని పక్కన మూడు నెలలుంటాయేమో, బక్కపలచని నల్లపిల్ల. పిల్ల వంగింది. పెద్దది వెల్లకిలా పడిపోయింది! పిల్ల దాని పొట్ట మీదెక్కి చెంప పీకుతోంది. నిజంగా తలచుకుంటే ఒక్క పంజా దెబ్బతో అవతల పడేయగలదు. కానీ తలచుకోదు. ఎందుకంటే అప్పుడు ఆట అయిపోతుంది.

దీన్నీ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. బలమున్న కుక్క తనంతట తానే బలం తగ్గించుకుంటుంది. తరిమేది కాసేపు పారిపోయేదవుతుంది. మనవడితో కుస్తీ పట్టి కావాలని ఓడిపోయే తాతయ్య లెక్క ఇదే. ఆటకు పిలిచి నిజంగా కరిచిందనుకోండి... దాన్ని మిగతావి నమ్మవు. కొయొటీ పిల్లల్లో ఇలా మోసం చేసేవాటిని తోటివి ఆటకు రానివ్వకపోవడం బెకాఫ్ గమనించారు. మాట తప్పినవాడికి చావిట్లో చోటుండదన్నది మనుషుల న్యాయమే కాదన్నమాట.

మందలో ఆట కుదరదు

వజ్రకరూరు మెట్టల్లో పొలం తర్వాత అంతగా కనిపించేవి గొర్రెల మందలు. పంటకోశాక మందను చేలో నిలుపుతారు. రాత్రంతా గొర్రెలు వేసే ఎరువు నేలకు బలం, రైతు ఇచ్చేది కాపరికి ఫలం. కంబళి కప్పుకుని మంద పక్కనే పడుకునే కాపరికి తోడు కుక్క. దాని కూలి నాలుగు సంగటి ముద్దలు. దాని పని, చీకట్లో తోడేలు వాసన పసిగట్టడం.

తోడేలు ఈ మెట్టలకు కొత్తకాదు. ఇలాంటి బయళ్లే దాని ఇల్లు. 2022లో వెలువడిన అంచనా ప్రకారం దేశం మొత్తం మీద మిగిలినవి మూడు వేల పైచిలుకే. కుక్కకు ఆటపిలుపు వచ్చింది కూడా ఆ వంశం నుంచే. తోడేలుపిల్లలూ అచ్చం ఇలాగే వంగి ఆడుకుంటాయి. ఒకే తాత బిడ్డలు... ఒకరు మందను కాస్తారు, ఒకరు మందమీద పడతారు!

అయితే కాపలాకుక్క పిల్లతనంలో ఒక చిక్కుంది. దానికి గొర్రెపిల్లలే నేస్తాలు. వాటి ముందూ వంగుతుంది. పాపం గొర్రెపిల్లకు ఈ భాష రాదు. బెదిరి పరుగెడుతుంది. పరుగెడితే ఆటే అనుకుని కుక్కపిల్ల తరుముతుంది. అమెరికాలో మందకాపలా కుక్కల మీద దశాబ్దాలు పనిచేసిన రేమండ్ కాపింజర్ ఈ సంగతే రాశారు. ఆ ఆటలో గొర్రెపిల్లలు గాయపడొచ్చు, చచ్చిపోనూవచ్చు. ఆ వయసులో పక్కన మనిషుండి అదిలించాలి. ఇక్కడి కాపరులకు ఇది ఎవరూ పాఠం చెప్పలేదు. కుక్కపిల్ల మంద వెనక గెంతితే చాలు, నాలుక మడిచి గట్టిగా ఓ అదిలింపు. అది తోక ముడుచుకుని వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటుంది.

సరమ అడిగిన ప్రశ్న

మురిపెం ఇంతవరకే. ఇక అసలు సంగతి.

కుక్కపిల్లలకు మూడు నాలుగు వారాల నుంచే ఆట మొదలవుతుంది. మూడో వారం నుంచి సుమారు మూడు నెలలు నిండేదాకా అవి తోటికుక్కలతో, మనుషులతో ఎలా మెలగాలో నేర్చుకునే కాలం. ఎంత గట్టిగా కొరికితే అవతలి ప్రాణికి నొప్పి పుడుతుందో ఆటలోనే తెలుస్తుంది. ఆడుకోని కుక్కకు ఆ కొలత తెలియదు.

కానీ ఆ పాఠం పూర్తిచేసే పిల్లలెన్ని? కోల్‌కతాలోని ఐసర్‌లో అనిందితా భద్ర బృందం 2010 నుంచి 2015 వరకు పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్క పిల్లలను లెక్కపెట్టింది. ఈడు వచ్చేదాకా బతికినవి 19 శాతమే! ఐదింట ఒకటి కూడా కాదు. చనిపోయినవాటిలో 63 శాతం చావులకు ఏదో రకంగా కారణం మనిషి. వాహనాలు, విషం, దెబ్బలు, తల్లి నుంచి వేరుచేయడం... ఇవే. అంటే ఏ పిల్ల మన ముందు వంగి తోక ఊపుతుందో, ఆ మనమే దానికి మృత్యువు కూడా.

మన మహాభారత కథ మొదట్లోనే ఓ కుక్కపిల్ల ఉంది, గుర్తుందా? జనమేజయ మహారాజు యాగం చేస్తుంటే, దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు ఆ దగ్గర్లో ఆడుకుంటున్నాడు. రాజుగారి తమ్ముళ్లు వాణ్ని కొట్టారు. ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళ్లాడు. సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. ఏ తప్పూ చేయని పసివాణ్ని ఎందుకు కొట్టారంది. మంచీచెడ్డా చూడకుండా సాధువుల్ని హింసించేవాళ్లకు అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్లిపోయింది. నన్నయ్య తెలుగు భారతం తొలి పుటల్లోనే ఉందీ కథ. వెయ్యేళ్లుగా చదువుకుంటూనే ఉన్నాం.

ప్రేమ సరే, జాగ్రత్త?

ఇంకోవైపు చూడకపోతే తప్పు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేసిన దృశ్యాలు చూసి రెండు తెలుగు రాష్ట్రాల్లో కంటతడి పెట్టని తల్లి లేదు. వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేయించడం స్థానిక సంస్థల బాధ్యత. 2001లో వచ్చిన నిబంధనలూ, వాటి స్థానంలో 2023లో వచ్చిన కొత్తవీ చెప్పేది ఇదే. ఊళ్లో ఆ పని సరిగా జరుగుతోందా అని అడిగే హక్కు ప్రతి ఇంటికీ ఉంది.

దాంతోపాటు పిల్లలకు కుక్క భాష నేర్పడం మన ఇంటి పని. ఇక్కడ మనల్ని దెబ్బతీసేవి మన నమ్మకాలే. 'మొరిగే కుక్క కరవదు' అన్నది సామెత వరకే. మొరిగేదీ కరవొచ్చు. 'తోక ఊపితే ప్రేమే' అన్నదీ అంతే. ఇటలీ శాస్త్రవేత్తలు 2007లో చూస్తే, యజమాని కనిపించినప్పుడు కుక్కల తోక కుడివైపుకు ఎక్కువ ఊగింది. పెత్తనం చలాయించే కొత్త కుక్క కనిపించినప్పుడు ఎడమవైపుకు ఊగింది. ఊపడం అదే, అర్థం వేరు! కాబట్టి తోక ఒక్కటే కాదు, ఒళ్లంతా చదవాలి.

ఆటా... పోట్లాటా? ఇలా గుర్తుపట్టండి

* ఆటలో ఒళ్లు వదులుగా, వంకరటింకరగా కదులుతుంది. కోపంలో కర్రలా బిగుస్తుంది.

* ఆటలో నోరు తెరిచి ఉంటుంది. కోపంలో పెదవి ముడిచి పళ్లు బయటపెడుతుంది, లేదా నోరు గట్టిగా మూసి కదలకుండా నిలబడి చూస్తుంది. ఆ నిశ్శబ్దం గుర్రు కంటే ప్రమాదం.

* ఆటలో తోక, నడుము కలిసి ఊగుతాయి. కోపంలో తోక నిటారుగా నిలిచి కొసమాత్రమే వణుకుతుంది. మెడ మీద వెంట్రుకలు లేస్తాయి.

* ఆటలో వంతులుంటాయి. ఒకసారి ఇది పైన, ఒకసారి అది పైన. ఒకటి పారిపోవాలని చూస్తున్నా రెండోది వదలకపోతే అది ఆట కాదు.

* తోక కాళ్ల మధ్య దూర్చి, చెవులు వెనక్కి వాల్చిందంటే భయపడుతోంది. భయపడ్డ కుక్కా కరుస్తుంది. దూరంగా ఉండండి.

* తెలియని కుక్క ఎంత ముద్దుగా వంగినా పిల్లలు దగ్గరికి వెళ్లకూడదు. ఈనిన కుక్క, తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క జోలికి అసలే వద్దు.

* కుక్క మీదికొస్తే పరుగెత్తకూడదు. పరుగు చూస్తే తరమాలనిపిస్తుంది దానికి. చెట్టులా కదలకుండా నిలబడాలి, కళ్లలోకి చూడకూడదు. కిందపడితే ముడుచుకుని ముఖం, మెడ చేతులతో కప్పుకోవాలి.

* ఆటలోనైనా సరే, పిల్లకుక్క అయినా సరే, పన్ను గాటు పడితే వెంటనే సబ్బూ నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే. వస్తే దాదాపు బతికేది లేదు, టీకా సమయానికి వేయిస్తే దాదాపు వచ్చేది లేదు. బొడ్డు చుట్టూ సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు.

కోనకొండ్ల దాకా

వజ్రకరూరు వెళ్లినవాళ్లు అదే మండలంలోని కోనకొండ్ల కూడా చూసి రావాలి. జైన ఆచార్యుల్లో మహా పండితుడైన కుందకుందాచార్యుడి ఊరు ఇదేనంటారు. గుట్ట మీద జైన విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి. చీమకు కూడా హాని చేయొద్దన్న మతం ఈ ఎండల్లో, ఈ రాళ్లల్లో ఒకప్పుడు వేళ్లూనుకుంది. గుట్టెక్కి చూస్తే నాలుగు దిక్కులా బుడ్డల చేలు, దుమ్ము రేపుతూ కదిలే మందలు, వాటి వెనకే కుక్కలు.

సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్తే వజ్రం ఎలా పుడుతుందో చెప్పండి. వాన ఎందుకు ముఖం చాటేస్తుందో చెప్పండి. సాయంత్రం ఎండ తగ్గాక ఏ రచ్చబండ దగ్గరో కూర్చోబెట్టి కుక్కలాట చూపించండి. ఏది ముందు వంగింది, ఏది కావాలని ఓడింది, ఎక్కడ ఆగి మళ్లీ మొదలుపెట్టాయి... లెక్కపెట్టమనండి. దూరం నుంచే! రాయి తీయాలనుకున్న చెయ్యి కిందికి దిగడానికి, తాకాలనుకున్న చెయ్యి వెనక్కి రావడానికి ఆ ఒక్క సాయంత్రం చాలు.